బిళ్ళ లేని సిస్టరు

మా దవాఖానాలో డాక్టరుకు స్టెతస్కోపు ఉండేది, పెద్ద సిస్టరుకు బిళ్ళ ఉండేది. జనం నమ్మింది బిళ్ళనే.

ములకలపల్లి దాటి అడవిలోకి పోయే రోడ్డు పక్కన మాది చిన్న సర్కారు దవాఖానా. నేను అక్కడ ఆయమ్మను. ఊడవడం, తుడవడం, కాన్పు గదిలో గుడ్డలు ఉడకబెట్టడం నా పని. చుట్టూ ఉన్నవి కోయవాళ్ళ పల్లెలు. మా దగ్గర వాటిని గుంపులంటారు. గుంపుల నుంచి వచ్చే ఆడవాళ్ళు గడప దగ్గర ఆగి, ముందు సిస్టరు ఎడమ భుజం వైపు చూసేవాళ్ళు. బిళ్ళ కనబడితేనే లోపలికి అడుగు.

ఆ బిళ్ళ రూపాయి బిళ్ళకంటే కొంచెం పెద్దది. చుట్టూ నీలం రంగు, మధ్యలో ఒక దీపం, వెనక చెక్కిన నంబరు. పాతకాలంలో నర్సు చదువు పూర్తిచేసి పేరు నమోదు చేయించుకున్న వాళ్ళకు ఇచ్చేవారట. పెద్ద సిస్టరు నౌకరిలో చేరిన రోజు పెట్టుకుంది, మళ్ళీ తీయలేదు. యూనిఫాం రంగు మారింది, దవాఖానా పేరు మారింది, గోడలకు సున్నం పోయి గులాబీ రంగు వచ్చింది. బిళ్ళ మాత్రం అదే. ప్రతి సోమవారం దాన్ని పళ్ళపొడితో తోమే పని నాది.

నాకు అప్పటికి చదువు రాదు. ఒకసారి ఫినాయిలు అనుకొని పెద్ద సీసాలో ఉన్న దగ్గు మందుతో వరండా అంతా తుడిచాను. నాలుగు రోజులు దవాఖానాకు రోగుల కంటే చీమలు ఎక్కువ వచ్చాయి. ఆ చీమలు తగ్గిన తర్వాత పెద్ద సిస్టరు నన్ను కూర్చోబెట్టి, బిళ్ళ తిరగేసి, వెనక ఉన్న అంకెలు నేల మీద సుద్దముక్కతో రాయించింది. అప్పుడు నాకు నలభై ఆరేళ్ళు. అంకెలు వచ్చాక తెలుగు అక్షరాలు వచ్చాయి. ఇంగ్లీషు దాకా పోయేలోపల ఆమెకు రిటైర్మెంటు వచ్చింది.

పోయే రోజు నేను సిగ్గు విడిచి అడిగాను. "సిస్టరమ్మా, బిళ్ళ ఈడ ఇచ్చిపోరాదు?"

"నీకెందుకే?"

"నాకు కాదు. వచ్చే సిస్టరుకు."

"నంబరు నాది. నేనేడుంటే ఆడనే ఉంటది," అని బిళ్ళ సర్దుకొని బస్సెక్కింది.

వచ్చిన చిన్న సిస్టరుది మధిర వైపు. చదువు బాగా ఉంది, చెయ్యి మెత్తన. సూది వేస్తే పిల్లలు ఏడవడం మరిచిపోయేవాళ్ళు. కానీ ఆమె మెడలో పట్టీకి వేలాడే ప్లాస్టిక్ కార్డు తప్ప ఏమీ లేదు. మొదటి సోమవారం పదకొండు మంది గర్భిణులు వచ్చారు. గడప దగ్గర ఆగారు. ఎడమ భుజం చూశారు. కార్డు చూశారు. ఒకరి మొహం ఒకరు చూసుకొని వెనక్కి తిరిగారు.

"ఏంటండీ, ఎందుకు వెళ్ళిపోతున్నారు? నేనేమన్నా అన్నానా?" అని చిన్న సిస్టరు నన్ను అడిగింది.

వాళ్ళ వెనక ఒక ముసలమ్మ తన మనవరాలి చెయ్యి పట్టుకొని వచ్చింది. ఆమె ఒక్కతే నిలబడి సమాధానం చెప్పింది.

"మెడల కార్డు ఏసుకొని ఒకడొచ్చిండు, మా మేకలు లెక్కబెట్టుకొని పోయిండు. ఇంకొకడొచ్చిండు, పోడు చేను కొలుసుకొని పోయిండు. ఒకామె వచ్చింది, పొయ్యి ఇస్తమని పొయ్యి ముందట కూసోబెట్టి ఫోటో పట్టుకపోయింది. మళ్ల ఒక్కరన్న వచ్చిండ్రా? తాడుకు ఏలాడేది ఇయ్యాల నీ మెడల ఉంటది, రేపు ఇంకొకరి మెడల ఉంటది. బిళ్ళ గట్ల కాదు. బట్టకు గుచ్చుకొని ఉంటది."

చెప్పేసి ఆమె కూడా మనవరాలిని తీసుకొని పోయింది.

మిగతావాళ్ళ సంగతి అట్లా ఉంచితే, ఆ మనవరాలి సంగతి మాకు భయం పుట్టించింది. ఆరో నెల. అమ్మానాన్న లేని పిల్ల, ముసలమ్మే పెంచింది. పెద్ద సిస్టరు ఉన్నప్పుడు చేసిన పరీక్షలో రక్తం సగం కూడా లేదని తేలింది. కళ్ళ కింది రెప్ప లాగి చూస్తే సున్నం కొట్టిన గోడ. డాక్టరు చీటీ చూసి, "ఈ పిల్లకు వరసగా రక్తం పట్టే సూదులు పడాలి. కాన్పు భద్రాచలం పెద్ద దవాఖానాలోనే జరగాలి. గుంపులోనే కానిచ్చిండ్రంటే పిల్ల మనకు దక్కదు," అన్నాడు.

ఇంకేముంది, మాకు బిళ్ళ కావాలి.

చిన్న సిస్టరు పేర్లు నమోదు చేసే ఆఫీసుకు ఫోను చేసింది. బిళ్ళలు ఇవ్వడం ఎప్పుడో ఆపేశామని, కార్డు మీదున్న నల్లగళ్ళ గుర్తును ఫోనుకు చూపిస్తే ఆమె చదువు, నంబరు, ఫోటో అన్నీ వస్తాయని వాళ్ళు చెప్పారు. సరే, అదే చూపిద్దామని ఇద్దరం గుంపుకు పోయాం. చిన్న సిస్టరు ముసలమ్మ ముందు కూర్చొని కార్డుకు ఫోను ఎదురు పెట్టింది. అడవిలో సిగ్నలెక్కడిది? ఫోనులో చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. ముసలమ్మ చాలాసేపు ఓపికగా చూసింది.

"ఎంతసేపు తిరుగుతది బిడ్డా?"

"వస్తుందవ్వా, ఇప్పుడే వస్తుంది."

"మా ఇసుర్రాయి నయం. తిరిగితే పిండన్న వస్తది."

తర్వాత పెద్ద సిస్టరుకు ఫోను చేసి, బిళ్ళ నెల రోజులు ఇమ్మని బతిమిలాడాను. ఆమె ఒప్పుకునేలోపల చిన్న సిస్టరే ఫోను లాక్కుంది. "వద్దండీ. వేరేవాళ్ళ నంబరు పెట్టుకొని సూది వేస్తే నా ఉద్యోగం పోతుంది. మీ నంబరుకూ మచ్చే." పెద్ద సిస్టరు అవతలి నుంచి, "పిల్ల మంచిదే," అని ఫోను పెట్టేసింది. మెచ్చుకోలు వచ్చింది, బిళ్ళ రాలేదు.

ఆ వారం మా చెల్లె ఇంట్లో శుభకార్యానికి ముదిగొండ పోయాను. తిరిగి వస్తూ ఖమ్మంలో బస్సు మారాలి. బస్సుకు టైముంది కదా అని బజారులో నడుస్తుంటే ఒక పాత సామాను దుకాణం కనబడింది. తాళం చేతులు, గంటలు, పగిలిన కుట్టుమిషను. వాటి మధ్యలో గోరుతో గీస్తే పసుప్పచ్చగా మెరిసే ఒక ఇత్తడి బిళ్ళ. మధ్యలో పెద్దగా ముప్పై ఏడు. చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు.

"ఇది ఏ బిళ్ళ అన్నా?" అని దుకాణమాయనను అడిగాను.

"సర్కారు బిళ్ళ."

"నిజంగ సర్కారుదేనా?"

"నంబరున్నది కదమ్మా! నంబరు సర్కారు గాక ఎవరిస్తరు?"

నాకు ఆ మాట న్యాయంగా తోచింది. కొన్నాను. దీపం లేదే అని బస్సులో ఒకసారి అనుమానం వచ్చింది కానీ, దీపాలు పోయి కరెంటు వచ్చింది కదా, అందుకే తీసేసి ఉంటారని నాకు నేనే చెప్పుకున్నాను. జూలూరుపాడు వచ్చేదాకా కొంగుతో తుడుస్తూనే ఉన్నాను. ఇంటికి వచ్చి చింతపండుతో తోమాను. మరుసటి రోజు బంగారంలా మెరుస్తున్న బిళ్ళను చిన్న సిస్టరు చేతిలో పెట్టాను.

ఆమె చదివింది. ఇంకోసారి చదివింది. తర్వాత పక్కనే ఉన్న బరువు చూసే మిషను మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఆమె నవ్వుకు ముల్లు నలభైకీ యాభైకీ మధ్య ఊగుతోంది.

"ఆయమ్మా, ఇది రైల్వే స్టేషన్లో సామాన్లు మోసే కూలీదమ్మా! ఎర్రచొక్కా వేసుకుంటారే, వాళ్ళ చేతికి కట్టుకునేది."

నా మొహం మాడిపోయింది. ఇంగ్లీషు దాకా పోకుండా రిటైరైన పెద్ద సిస్టరు మీద ఊరికే కోపం వచ్చింది. పారేస్తానని చెయ్యి చాపాను. ఆమె ఇవ్వలేదు. నవ్వు ఆపి, బిళ్ళను అటూ ఇటూ తిప్పింది.

"ఇది ఏ నర్సు నంబరూ కాదు కదా?"

"కాదు."

"మరి ఎవరి నంబరూ నేను దొంగిలించినట్టు కాదు. పెట్టుకుంటాను. నర్సు బిళ్ళ అని మాత్రం చెప్పను. ఎవరన్నా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్తాను."

పెద్ద పిన్నీసు వెతికి ఎడమ భుజం కింద పెట్టాను. అప్పుడే డాక్టరు వచ్చాడు. కళ్ళద్దాలు సర్దుకొని బిళ్ళ చదివాడు. "సిస్టర్, భద్రాచలం రోడ్డు పాసింజరు ఎన్నో ప్లాట్‌ఫారం మీదికొస్తది?" అని అడిగి గదిలోకి పోయాడు.

మళ్ళీ గుంపుకు పోయాం. ఈసారి మేం పొలిమేరలో ఉండగానే ఆడవాళ్ళు బయటికి వచ్చారు. ఎండలో ఆ ఇత్తడి అంత దూరానికి మెరిసింది మరి. "బిళ్ళ వచ్చింది, బిళ్ళ వచ్చింది," అని పిల్లలు అరిచారు. సిస్టరు వచ్చిందని ఒక్కరూ అనలేదు. ముసలమ్మ మాత్రం అందరినీ పక్కకు జరిపి దగ్గరికి వచ్చింది. బిళ్ళను రెండు వేళ్ళతో పట్టుకుంది. వేలితో అంకెలు తడిమింది.

"ఇది సూది బిళ్ళ కాదు," అంది. "మూటల బిళ్ళ."

నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"మా ముసలోడు పడుసోడప్పుడు నా మీద అలిగి మూడేండ్లు డోర్నకల్ టేషన్ల మూటలు మోసిండు. గిసొంటిదే చేతికి కట్టుకునేటోడు. ఇంటికొచ్చినంక కూడ కట్టుకొనే పండేటోడు. నాకు తెల్వదా?"

చిన్న సిస్టరు తల దించలేదు. "అవునవ్వా. కూలీ బిళ్ళే. నర్సులకు ఇప్పుడు బిళ్ళలివ్వట్లేదు. నాకిచ్చింది ఈ కార్డే."

"మరి కూలి బిళ్ళ ఎందుకు పెట్టుకున్నవ్?"

"మీ మనవరాలు రావాలని."

ముసలమ్మ బిళ్ళ వదిలి గుడిసె వైపు నడిచింది. ఇప్పుడు కర్ర తీసుకుంటుందా, కుక్కను వదులుతుందా అని నేను దారి చూసుకుంటున్నాను. ఆమె గుడిసె ముందు అరుగు మీద కూర్చొని, పక్కన కూర్చోమని సిస్టరుకు చెయ్యి చూపించింది.

"మూట మోసెటోని పద్ధతి ఏందో ఎరుకేనా? మూట నెత్తికెత్తంగనే మనం నంబరు చూస్కోవాలె. ఆడు ముంగట ఉరుకుతడు, మనం ఎనక పోతం. మంది అడ్డమొస్తరు. మనిషి కనబడకపోయినా పరవాలేదు, నంబరు యాదుంటే సాలు. ఎక్కడ దించమంటే ఆడ దించి, మూట మన చేతుల పెట్టినంకనే పోతడు. కార్డులోళ్ళు తీస్కపోయిన్రు గని, తెచ్చి చేతుల పెట్టినోడు ఒక్కడున్నడా? ఒక్క మాట చెప్పు బిడ్డా. నువ్వు తీస్కపోతే, తెచ్చి నా చేతుల పెడతవా?"

చిన్న సిస్టరు వెంటనే అవునని అనలేదు. నర్సులు అట్లాంటి మాట ఇవ్వకూడదని ఆమెకు తెలుసు. చివరికి, "పెట్టేదాకా మధ్యలో దించనవ్వా," అంది.

"అవ్, గట్ల చెప్పు," అని ముసలమ్మ మనవరాలిని పిలిచింది. "ముప్పై ఏడు. యాదుంచుకో."

ఆ తర్వాత మా దవాఖానాకు మళ్ళీ జనం వచ్చారు. వేరే గుంపుల వాళ్ళు కూడా వచ్చి, "ముప్పై ఏడు నంబరు సిస్టరు ఉన్నదా?" అని అడిగేవాళ్ళు. సూది పడగానే బిళ్ళ చూసి నంబరు ఒకసారి పైకి అనుకొని పోయేవాళ్ళు. ఒక రోజు పెద్ద ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. బిళ్ళ చూసి నోరు తెరిచాడు. చిన్న సిస్టరు ఉన్నది ఉన్నట్టు చెప్పడం మొదలుపెట్టింది. ఆమె పూర్తిచేసేలోపల మా డాక్టరు, "దీంతోని గర్భిణుల హాజరు పెరిగింది సార్," అని రిజిస్టరు ముందు పెట్టాడు. ఆఫీసరు రిజిస్టరు చూశాడు, బిళ్ళ చూశాడు, బిళ్ళకు ఫోటో తీసుకున్నాడు. మిగతా దవాఖానాలకు కూడా తెప్పించాలంటే ఎక్కడ దొరుకుతాయని నన్నడిగాడు. పాత సామాను దుకాణంలో అని చెప్పాను. రాసుకున్నాడు.

మనవరాలికి సూదులన్నీ పడ్డాయి. రక్తం కొంచెం పెరిగింది, చాలినంత పెరగలేదు. నెలలు నిండాయి. ఒకరోజు పొద్దున్నే ముసలమ్మ, మనవరాలు ఆటోలో దిగారు. నొప్పులు మొదలయ్యాయి. డాక్టరు చూసి, బిడ్డ అడ్డం తిరిగిందని, వెంటనే భద్రాచలం తీసుకపొమ్మని అంబులెన్సు పిలిచాడు. చిన్న సిస్టరు, నేను, ముసలమ్మ ఎక్కాం. దారంతా సిస్టరు ఒక చేతిని పిల్ల కడుపు మీద, ఒక చేతిని నాడి మీద పెట్టి ఉంచింది. పాల్వంచ దాటాక పిల్ల పెదాలు తెల్లబడ్డాయి. గోదావరి బ్రిడ్జి మీద మేకల మంద అడ్డమొచ్చింది. డ్రైవరు హారను ఎంత కొట్టినా అవి కదల్లేదు. ముసలమ్మ కిటికీలోంచి తల బయట పెట్టి కోయలో ఏదో ఒక్క మాట అంది. మంద రెండుగా చీలిపోయింది. ఏమన్నదో ఇప్పటికీ నాకు తెలియదు.

పెద్ద దవాఖానాలో అంతా సిద్ధంగా ఉంది. ఆపరేషను గది తలుపు దగ్గర ఇద్దరు నర్సులు స్ట్రెచరు పట్టుకున్నారు. అప్పుడు ముసలమ్మ తలుపుకు అడ్డం నిలబడింది.

"మీ నంబరేది?"

"ఏం నంబరవ్వా? జరుగు, లేటయితది."

"నంబరు లేనోళ్ళకు ఇయ్య," అని ముసలమ్మ చిన్న సిస్టరు వైపు చెయ్యి చూపింది.

"ముప్పై ఏడును లోపలికి రానియ్యుండ్రి, ఇస్త."

ఆ దవాఖానా మనిషి కానిదాన్ని ఆపరేషను గదిలోకి రానివ్వరని చిన్న సిస్టరు చెప్పింది. ముసలమ్మ వినలేదు. చిన్న మనిషే, కానీ రెండు చేతులతో తలుపు కమ్ములు పట్టుకుంది. పిల్ల స్ట్రెచరు మీద మూలుగుతోంది. నేను ముసలమ్మ కాళ్ళు పట్టుకున్నాను. లోపలి నుంచి ఆపరేషను చేసే డాక్టరమ్మ వచ్చింది. తలకు టోపీ, ఆకుపచ్చ బట్టలు. "ఎవరిది ఈ లొల్లి?" అంది. చిన్న సిస్టరు గబగబా ఇంగ్లీషులో నాలుగు మాటలు చెప్పి, తన భుజం మీది బిళ్ళ తీసి చూపించింది.

డాక్టరమ్మ బిళ్ళ చదివింది. ముసలమ్మను చూసింది. పిల్లను చూసింది.

"జల్దీ పెట్టు. లోపలి బట్టకు పెట్టు, దాని మీద గౌను వేసుకుంట."

చిన్న సిస్టరు పిన్నీసు గుచ్చింది. అన్ని చదువులు చదివిన డాక్టరమ్మ, రైల్వే కూలీ బిళ్ళ పెట్టుకొని, ముసలమ్మ ముందు నిటారుగా నిలబడింది. ముసలమ్మ దగ్గరగా వచ్చి అంకెలు తడిమి చూసింది.

"ముప్పై ఏడు," అని పక్కకు జరిగింది.

తలుపు మూసుకుంది. మేము బెంచీ మీద కూర్చున్నాం. చిన్న సిస్టరు ఎడమ భుజం కింద రెండు చిన్న చిల్లులు మిగిలాయి, ఆమె వాటినే వేలితో రాస్తూ ఉంది. టీ తెచ్చాను, ముసలమ్మ తాగలేదు. "చేతులు కాలీగ ఉండాలె," అంది.

గంట దాటింది. తలుపు తెరుచుకొని ఒక నర్సు బయటికి వచ్చింది. చేతుల్లో తెల్లగుడ్డలో చుట్టిన బిడ్డ.

"ఆడపిల్ల అవ్వా! తీస్కో."

ముసలమ్మ చేతులు చాపలేదు.

"నేనిచ్చింది ఇది కాదు."

"ఏందవ్వా గట్లంటవ్? మీ మనవరాలి బిడ్డనే."

"కావచ్చు. నేనిచ్చిన మూట ఏది?"

"మూటేంది?"

"మూటల ఉన్నది తెచ్చి, మూట లేదంటే ఎవరు తీస్కుంటరు? ముందు మూట తేండ్రి."

నాకు నవ్వొచ్చింది. చిన్న సిస్టరుకు కూడా వచ్చింది. నర్సు బిత్తరపోయి మా ఇద్దరినీ చూసింది. అప్పుడు చిన్న సిస్టరు నవ్వు సగంలో ఆపేసింది. లేచి నర్సు దగ్గరికి పోయి మెల్లగా అడిగింది, "తల్లి ఎలా ఉందండీ?"

"బాగా రక్తం పోయింది. ఎక్కిస్తున్నరు. ఇప్పుడే ఏం చెప్పలేం."

ముసలమ్మ చెవులు బాగానే వింటాయి. బిడ్డ ఏడుపు అందుకుంది. తట్టుకోలేక నేను లేచి చేతులు చాపాను.

"ముట్టకు పిల్లా!" అంది ముసలమ్మ నన్ను. నాకు యాభై దాటాయి. "సగం తీస్కుంటే సాలనుకుంటరు. మిగిలింది మళ్ల ఇయ్యరు."

నేను చేతులు వెనక్కి తీసుకున్నాను. నర్సు బిడ్డను ఎత్తుకొని అక్కడే నిలబడింది. లోపలికి తీసుకపోదామంటే బిడ్డను ఇంటివాళ్ళకు చూపించి అప్పజెప్పాలన్నది వాళ్ళ పద్ధతి. అప్పజెప్పుదామంటే తీసుకునేవాళ్ళు లేరు. ఒక చేతి మీద నుంచి ఇంకో చేతి మీదికి మార్చుకుంది. బెంచీ చివర కూర్చుంది. లేచింది. వరండాలో పోయేవాళ్ళు ఆగి, బిడ్డను వద్దంటున్నరా, ఆడపిల్లనా అని గుసగుసలాడుకున్నారు. ఒకామె ముసలమ్మను తిట్టిపోసింది కూడా. ముసలమ్మ ఆమె వైపు చూడలేదు. తలుపు వైపే చూస్తూ, ఖాళీ చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చుంది. చిన్న సిస్టరు ఆమె పక్కకు జరిగి, ఆమె లాగే చేతులు ఒడిలో పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను. బిడ్డ ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది.

ఎంతసేపో తెలియదు. తలుపు రెండు రెక్కలూ తెరుచుకున్నాయి. ముందు రక్తం సంచీ వేలాడే కడ్డీ వచ్చింది, తర్వాత స్ట్రెచరు, వెనక డాక్టరమ్మ. గౌను తీసేసింది. ఎడమ భుజం కింద ఇత్తడి మెరుస్తోంది. పిల్ల మొహం మైదాపిండి రంగులో ఉంది. కళ్ళు మూసుకొని ఉంది.

ముసలమ్మ లేచి, అందరిలా తల వైపు పోలేదు. కాళ్ళ వైపు పోయింది. దుప్పటి కొస పైకెత్తి, మనవరాలి పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకుంది. పట్టుకొని చాలాసేపు నిలబడింది. కాలి వేళ్ళు కదిలాయి. ఆమె దుప్పటి మళ్ళీ కప్పి, పాదాల చుట్టూ చెక్కి, నర్సు వైపు తిరిగి రెండు చేతులూ చాపింది.

"ఇగ ఇయ్యి."

నర్సు బిడ్డను ఇచ్చింది. నర్సు చేతులు అప్పటికే తిమ్మిరెక్కి, బిడ్డను ఇచ్చేసిన తర్వాత కూడా కాసేపు అట్లాగే వంగి ఉండిపోయాయి.